మే నెలలో హైదరాబాద్‌కు మారుతున్నారా? ఇక్కడి ఎండను, వాతావరణ సూచనను ఎలా చదవాలంటే

మీరు అడిగింది ఇది. మే రెండో వారంలో విశాఖ నుంచి హైదరాబాద్‌కు మారుతున్నారు. మియాపూర్‌లో నాలుగో అంతస్తులో ఇల్లు కుదిరింది, పైన ఇక స్లాబే. ఇంట్లో బీపీ ఉన్న డెబ్బై ఏళ్ల అమ్మగారు, నాలుగేళ్ల పాప ఉన్నారు. ఒకే రోజు ఫోన్‌లో 39 డిగ్రీలు, టీవీలో 42, మిత్రుడి కారులో 45 కనిపించాయి. వీటిలో దేన్ని నమ్మాలి, వైజాగ్ ఎండకు అలవాటుపడ్డవాళ్లకు ఇక్కడ కొత్తగా భయపడాల్సింది ఏమైనా ఉందా, సామాను ఏ రోజు దించుకోవాలి అని అడిగారు.

ఈ ఊళ్లో వాతావరణాన్ని ఏళ్ల తరబడి రోజూ గమనిస్తున్నవాణ్ని కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను. వేసవి వచ్చిందంటే అందరి చూపూ పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత మీదే. కానీ మీ ఇంట్లో ఉన్న పెద్దావిడకి, పసిపిల్లకి రోజు ఎలా గడుస్తుందన్నది ఎక్కువగా మరో రెండు విషయాల మీద ఆధారపడుతుంది. ఒకటి రాత్రి కనిష్ఠం. రెండోది గాలి ఏ దిక్కు నుంచి వీస్తోందన్నది. ఈ రెండూ చూడటం అలవాటైతే మిగతాదంతా సులువు.

ముందు ఆ మూడు అంకెల సంగతి. ఫోన్‌లో కనిపించేది చాలావరకు కొలిచిన అంకె కాదు. మీ ప్రాంతంలో ఎంత ఉండొచ్చో కంప్యూటర్ లెక్కగట్టి చెప్పిన అంచనా అది. కొన్ని కిలోమీటర్ల మేర నేలంతటికీ ఒకే అంకె ఇస్తుంది. టీవీలో చెప్పే 42 సాధారణంగా ఆ రోజు నగరంలో అన్నిచోట్ల కంటే ఎక్కువ నమోదైన ప్రాంతానిది. తెలంగాణ డెవలప్‌మెంట్ ప్లానింగ్ సొసైటీవాళ్లకి మండలాల వారీగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలున్నాయి. వాటిలో దేనిలో ఎక్కువ నమోదైతే అదే వార్తవుతుంది. కారులోది అన్నిటికంటే తక్కువ నమ్మదగ్గది. దాని సెన్సార్ తారురోడ్డుకు దగ్గరగా ఉంటుంది, ఇంజిన్ వేడి కూడా దానికి తగులుతుంది. సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న కారులో 45 చూసి ఊరంతా 45 అనుకోవద్దు.

వాతావరణ శాఖ అధికారికంగా హైదరాబాద్ ఉష్ణోగ్రత అని చెప్పేది బేగంపేట పాత విమానాశ్రయం దగ్గర కొలిచినది. తెల్లరంగు వేసిన, గాలి ఆడే పెట్టెలో, నేలకు దాదాపు మనిషి ఎత్తులో, నీడలో ఉంచిన థర్మామీటర్ చూపే అంకె అది. అంటే ఆ 40 డిగ్రీలు నీడలోనివి. ఎండలో నడిచే మనిషి మీద పడే భారం అంతకంటే ఎక్కువ. ఆ బేగంపేట లెక్క ప్రకారం ఇప్పటిదాకా అత్యధికం 45.5 డిగ్రీలు, 1966 జూన్ 2న నమోదైంది. మే నెలలో మామూలుగా గరిష్ఠం 39 అటూ ఇటూగా, కనిష్ఠం 26 దగ్గర్లో ఉంటాయి. రామగుండం, ఖమ్మం వైపు 44, 45 అని వార్తలు వచ్చే రోజుల్లో కూడా హైదరాబాద్ రెండు మూడు డిగ్రీలు తక్కువలో ఉండటానికి ముఖ్య కారణం ఎత్తు. ఈ ఊరు సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తున, దక్కన్ పీఠభూమి మీద ఉంది.

వడగాలుల హెచ్చరిక విషయంలో మీరు తెలుసుకోవాల్సిన తేడా ఒకటుంది. విశాఖలాంటి తీరప్రాంతానికి గరిష్ఠం 37 దాటి, మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు పెరిగితే వడగాలిగా లెక్కిస్తారు. హైదరాబాద్ పీఠభూమి మీదున్నా ఈ లెక్కలో మైదాన ప్రాంతం కిందికే వస్తుంది, దానికి కనీసం 40 ఉండాలి, దాంతోపాటు మామూలు కంటే 4.5 నుంచి 6.4 డిగ్రీలు ఎక్కువ ఉండాలి. అంతకు మించితే తీవ్ర వడగాలి. మామూలుతో సంబంధం లేకుండా 45 చేరితే వడగాలి, 47 చేరితే తీవ్రం. అందుకని ఇక్కడ 42 ఉన్న రోజు కూడా హెచ్చరిక లేకుండానే గడిచిపోవచ్చు. హెచ్చరిక రాలేదు కాబట్టి అమ్మగారిని మధ్యాహ్నం బయటికి తీసుకెళ్లొచ్చు అనుకోకండి. ఆ కొలమానం ఒక ప్రాంతానికి మామూలు కంటే ఎంత తేడా వచ్చిందో చెబుతుంది, మీ అమ్మగారి ఒంటికి ఏమవుతుందో చెప్పదు.

ఇక గాలి. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్ మీద రెండు రకాల గాలులు పోటీపడతాయి. రాజస్థాన్, మధ్యప్రదేశ్, విదర్భ మీదుగా వచ్చే వాయవ్య గాలి పొడిగా, నిప్పుల మీంచి వచ్చినట్టు ఉంటుంది. బంగాళాఖాతం నుంచి వచ్చే ఆగ్నేయ గాలి తేమను మోసుకొస్తుంది. మొదటిది నెగ్గిన రోజు వడగాడ్పు, గరిష్ఠం 41, 42. రెండోది నెగ్గితే గరిష్ఠం 37, 38కి దిగుతుంది కానీ ఉక్కపోత మొదలవుతుంది, సాయంత్రానికి ఉరుములూ రావచ్చు. బులెటిన్‌లో ‘విదర్భ నుంచి తెలంగాణ, కర్ణాటక మీదుగా ఉపరితల ద్రోణి’ అన్న మాట కనబడితే ఈ రెండు గాలులు కలిసే గీత మన నెత్తి మీదుగా ఉందని అర్థం. ఆ రెండు మూడు రోజులు సాయంత్రం వానకు సిద్ధంగా ఉండాలి.

వైజాగ్‌వాళ్లకు ఇక్కడ అసలు ఆశ్చర్యం కలిగించేది తుపాను. మీకు తుపాను అంటే వాన, గాలి. మే నెలలో బంగాళాఖాతంలో పుట్టి ఒడిశా దాటి బెంగాల్ వైపు, బంగ్లాదేశ్ వైపు వెళ్లే తుపాను హైదరాబాద్‌కు చాలాసార్లు ఎండను తెస్తుంది. తేమనంతా అది తన వైపు లాక్కుంటుంది, దాని పడమటి అంచున మన మీదికి ఉత్తరాది పొడిగాలి దిగుతుంది. 2020 మే 20న అంఫన్ తుపాను బెంగాల్ తీరం దాటాక ఇక్కడ ఎండలు ముదిరాయి. కాబట్టి వార్తల్లో తుపాను పేరు వినగానే చల్లబడుతుందని ఆశపడకుండా, అది ఎటు వెళ్తోందో చూడండి.

మీ ఒంటికి ఈ ఊరు ఎలా ఉంటుందో ఇప్పుడు చెబుతాను. వైజాగ్‌లో చెమట కారుతుంది, చొక్కా తడుస్తుంది, దాహం గుర్తుకొస్తుంది. ఇక్కడ పొడిగాలి రోజున చెమట పుట్టినచోటే ఆవిరైపోతుంది. చొక్కా పొడిగానే ఉంటుంది, ‘అబ్బే, చెమటే పట్టలేదు’ అనిపిస్తుంది. లోపల నీళ్లు మాత్రం పోతూనే ఉంటాయి. కోస్తా నుంచి కొత్తగా వచ్చినవాళ్లు సాయంత్రానికి తలనొప్పి, నీరసం, పిక్కలు పట్టేయడం అంటుంటారు. అది ఎక్కువగా ఈ లెక్కే. దాహం వేసినప్పుడు తాగుదాంలే అంటే ఇక్కడ ఆలస్యమైనట్టే. అమ్మగారికి గంట గంటకీ మీరే గ్లాసు చేతికివ్వండి. పెద్దవాళ్లకు దాహం తెలియడమే తగ్గుతుంది. బీపీకి వాడే మందుల్లో మూత్రం ఎక్కువ పోయేలా చేసేవి కొన్ని ఉంటాయి. వేసవిలో ఆ మోతాదు గురించి బయల్దేరే ముందే మీ డాక్టర్‌ని అడిగి రాయించుకోండి. సొంతంగా ఆపేయొద్దు. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ, రాగి జావ, కొబ్బరినీళ్లు, దొరికిన రోజు తాటి ముంజలు, అన్నీ మంచివే. షుగరు, కిడ్నీ సమస్య ఉంటే మాత్రం వీటిలో ఏది, ఎంత అన్నది కూడా డాక్టర్ మాటే.

దీనికి రెండో వైపు కూడా ఉంది. 40 డిగ్రీలున్నా తేమ 20 శాతమే ఉంటే ఒంటికి దాదాపు 40లాగే అనిపిస్తుంది. అదే 36 డిగ్రీలకి తేమ 55 శాతం తోడైతే 44 ఉన్నట్టు ఉంటుంది. అంకె చిన్నదై, బాధ పెద్దదయ్యే రోజు ఇది. అందుకే ఫోన్‌లో ‘అనిపించే ఉష్ణోగ్రత’ అన్న వరుసను ఇక్కడ తప్పక చూడాలి.

కూలర్ కొనాలా, ఏసీ పెట్టించాలా అన్నదానికి కూడా జవాబు ఇందులోనే ఉంది. కూలర్ పనిచేసేది నీళ్లు ఆవిరవడం వల్ల. పొడిగాలి ఉన్న రోజుల్లో హైదరాబాద్‌లో కూలర్ గదిని బ్రహ్మాండంగా చల్లబరుస్తుంది. వైజాగ్‌లో దాన్ని చూసి పెదవి విరిచినవాళ్లు ఇక్కడ మళ్లీ నమ్ముతారు. కాకపోతే ఎదురుగా కిటికీ తెరిచి ఉంచాలి, లేకపోతే గదిలో తేమ పేరుకుపోయి జిగట మొదలవుతుంది. ద్రోణి వచ్చి తేమ పెరిగిన రోజుల్లో, జూన్ మొదట్లో కూలర్ ఎంత తిరిగినా సుఖముండదు. అప్పుడు నీళ్ల పంపు ఆపేసి ఫ్యాను మాత్రమే వాడండి. అమ్మగారి వయసు, పై అంతస్తు చూస్తే మీకు నా సలహా ఒక పడకగదికైనా ఏసీ పెట్టించుకోమనే. ముగ్గురూ రాత్రి ఆ ఒక్క గదిలో పడుకున్నా సరే. ఫ్యాను ఒక్కదాన్నే నమ్ముకుంటే, గదిలో వేడి 40 దాటిన మధ్యాహ్నం అది వేడిగాలినే ఒంటికి కొడుతుంది. ఒళ్లు తడిగుడ్డతో తుడిచి ఫ్యాను కింద కూర్చోబెడితే కొంత మేలు.

పై అంతస్తు గురించి కాస్త ఆగి చెప్పాలి, మీ ఇబ్బందిలో సగం అక్కడే ఉంది. మే 9 దగ్గర్లో మధ్యాహ్నం 12 గంటల 12 నిమిషాలకి సూర్యుడు హైదరాబాద్‌కు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. నిలబెట్టిన కర్రకి నీడ పడదు. అక్కణ్నుంచి ఆగస్టు 3 దాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరం వైపే ఉంటాడు. అంటే మీరు దిగే వారంలో ఎండ నేరుగా స్లాబు మీద పడుతుంది. ఉత్తరం కిటికీ చల్లగా ఉంటుందన్న భరోసా కూడా ఈ మూడు నెలలు పూర్తిగా పనికిరాదు. స్లాబు పగలంతా తాగిన వేడిని రాత్రి ఎనిమిది నుంచి అర్ధరాత్రి దాటేదాకా గదిలోకి వదులుతుంది. బయట 30కి దిగినా లోపల 34 ఉండేది ఇందుకే. పడమటి గోడ ఉన్న గది అమ్మగారికి ఇవ్వకండి. సాయంత్రపు ఎండ వాయవ్య మూల నుంచి దూరుతుంది కాబట్టి తూర్పు, దక్షిణం వైపు గది మేలు.

ఇంటి యజమానితో మాట్లాడి దిగేముందే స్లాబు మీద తెల్లటి కూల్‌రూఫ్ రంగు వేయించండి. కనీసం సున్నం రెండు పూతలు కొట్టించినా తేడా అదే రోజు రాత్రి తెలుస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్‌రూఫ్ విధానమే తెచ్చింది. ప్రభుత్వ భవనాలకు, 600 గజాలకు పైబడిన స్థలాల్లో కట్టే ఇళ్లకు ఇలాంటి కప్పు తప్పనిసరి చేసింది. మీది ఆ లెక్కలోకి రాకపోవచ్చు, కానీ యజమానిని ఒప్పించడానికి ఆ మాట పనికొస్తుంది. సాయంత్రం మేడ మీద నీళ్లు చల్లడం మాత్రం నాకు నచ్చదు. మే నెలలో ఈ ఊళ్లో ఎన్నో అపార్ట్‌మెంట్లు ట్యాంకర్ నీళ్ల మీద బతుకుతాయి. రంగుకు ఒకసారి ఖర్చు పెడితే సరిపోయేదానికి తాగునీళ్లు పారబోయడం తప్పు.

రాత్రి కనిష్ఠాన్ని పట్టించుకోమన్నది ఇందుకే. పగలు ఒళ్లు మోసిన వేడి దిగేది నిద్రలోనే. మే నెలలో కనిష్ఠం 26 దగ్గరుంటే ఫర్వాలేదు. 29, 30 దగ్గర ఆగిపోయిన రాత్రులు వరసగా రెండు మూడు వచ్చాయంటే పెద్దవాళ్లకి నాలుగో రోజు మధ్యాహ్నం ప్రమాదం, ఆ రోజు గరిష్ఠం పెద్దగా పెరగకపోయినా సరే. వాతావరణ శాఖ దీన్ని ‘వెచ్చని రాత్రి’ అని ప్రత్యేకంగా చెబుతుంది. పగలు 40 దాటి, రాత్రి మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు ఎక్కువుంటే ఆ మాట వాడతారు. నగరంలో ఒక్కోచోట ఒక్కోలా ఉండటం కూడా రాత్రిపూటే బాగా తెలుస్తుంది. రాజేంద్రనగర్‌లో వ్యవసాయ క్షేత్రాలున్నచోట, పటాన్‌చెరు వైపు, సెంట్రల్ యూనివర్సిటీ చెట్ల మధ్య తెల్లవారుజామున బేగంపేట కంటే రెండు మూడు డిగ్రీలు తక్కువే ఉంటుంది. మియాపూర్ ఒకప్పుడు ఊరి అంచు, ఇప్పుడు నిండా కాంక్రీటు. కాబట్టి మీరు బేగంపేట, పటాన్‌చెరు రెండింటి అంకెలూ చూసి మధ్యలో అనుకోండి.

ఇక సూచనను ఎంతవరకు నమ్మాలి. ఉష్ణోగ్రత విషయంలో ఐదు రోజుల లోపు చెప్పేది బాగానే నిలబడుతుంది, ఒకటి రెండు డిగ్రీల తేడాలో ఉంటుంది. పదిహేను రోజుల తర్వాత ఫలానా తేదీన 41.3 అని యాప్ చూపిస్తే దాన్ని వదిలేయండి. ఆ వారం మామూలు కంటే ఎక్కువా తక్కువా అన్నది తెలుసుకోవాలంటే వాతావరణ శాఖ ప్రతి గురువారం విడుదల చేసే నాలుగు వారాల అంచనా ఉంది, అది పనికొస్తుంది.

ఉరుముల వాన సంగతి వేరు. ఈ ప్రాంతంలో రేపు వస్తుందా అన్నది చెప్పొచ్చు, మీ వీధిలో వస్తుందా అన్నది రెండు మూడు గంటల ముందు తప్ప ఎవరూ చెప్పలేరు. బులెటిన్‌లో ‘అక్కడక్కడ’ అంటే నాలుగో వంతు లోపు కేంద్రాల్లో, ‘కొన్ని చోట్ల’ అంటే సగం లోపు, ‘చాలా చోట్ల’ అంటే సగానికి పైన వాన నమోదవుతుందని. అక్కడక్కడ అన్నాక మియాపూర్‌లో చినుకు పడకపోతే సూచన తప్పినట్టు కాదు. సాయంత్రం బయల్దేరే ముందు వాతావరణ శాఖ సైట్‌లో హైదరాబాద్ రాడార్ బొమ్మ ఒకసారి చూడండి, మూడు గంటల తక్షణ హెచ్చరిక కూడా అక్కడే ఉంటుంది. వికారాబాద్, సంగారెడ్డి వైపు ఎర్రటి ముద్ద కనిపించి ఇటు కదులుతుంటే మొదట తడిసేది మీ వైపే. పిడుగుల కోసం దామిని యాప్ పెట్టుకోండి.

వేసవి వానని తేలిగ్గా తీసుకోవద్దని ప్రత్యేకంగా చెబుతున్నాను. మధ్యాహ్నం మూడు దాటాక నిలువుగా పెరిగిన క్యుములోనింబస్ మేఘం, అంటే ఉరుముల మేఘం, అరగంటలో పగటిని చీకటి చేస్తుంది. ముందు దుమ్ముతో ఈదురుగాలి, తర్వాత వాన, ఒక్కోసారి వడగళ్లు. ఉష్ణోగ్రత గంటలో పది డిగ్రీలు పడిపోవచ్చు. 2024 మే 7న ఇలాంటి వానకే మీకు దగ్గర్లోని బాచుపల్లిలో గోడ కూలి ఏడుగురు చనిపోయారు, వాళ్లంతా వలస కూలీల కుటుంబాలవాళ్లు. గాలి మొదలైతే చెట్టు కింద, హోర్డింగ్ కింద, ప్రహరీ గోడ పక్కన బండి ఆపకండి. లింగంపల్లి రైల్వే వంతెన కింద నీళ్లు నిలుస్తాయి, ఆ దారి వదిలి కాస్త చుట్టు తిరిగి రండి. ఆ రాత్రి కరెంటు పోవచ్చు, అమ్మగారి గదికి ఇన్వర్టర్ ఉంటే మంచిది.

కార్తెల లెక్క మీ అమ్మగారికి తెలిసే ఉంటుంది. మీరు దిగేది కృత్తిక కార్తెలో, మే 25 దగ్గర్లో రోహిణి వస్తుంది. రోహిణిలో రోళ్లు పగులుతాయన్న మాట హైదరాబాద్‌కి చాలా ఏళ్లు సరిపోతుంది. రుతుపవనాలు కేరళకి జూన్ 1న చేరితే మామూలుగా మనకి మరో వారం, పది రోజులు. కానీ 2023లో జూన్ 22 దాకా తెలంగాణలోకి రాలేదు, 2025లో మే 26కే వచ్చేశాయి. వచ్చాక కూడా జూన్‌లో కొన్నాళ్లు వానల్లేకుండా ఎండ మళ్లీ మండింది. కాబట్టి మృగశిర వచ్చింది కదా అని కూలర్ మూలన పెట్టేయకండి. పాప బడి మొదలయ్యే జూన్ రెండో వారంలో కూడా నీళ్ల సీసా, టోపీ ఉండాల్సిందే.

వడదెబ్బ గుర్తులు ఇంట్లో అందరూ తెలుసుకోండి. 2015 మేలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా చనిపోయారు, వాళ్లలో పెద్దవాళ్లు, ఎండన పడి పనిచేసుకునేవాళ్లే ఎక్కువ. ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ, ఉన్నచోటు తెలియనట్టు ప్రవర్తిస్తుంటే అది జ్వరమని మాత్ర వేసి కూర్చోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లతో తడిపి, గాలి విసరండి. మెడ దగ్గర, చంకల్లో, గజ్జల్లో చల్లటి తడిగుడ్డలు పెట్టండి. స్పృహ సరిగ్గా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయొద్దు. స్పృహలో ఉండి నీరసంగా ఉన్నవాళ్లకి ఓఆర్‌ఎస్ ఇవ్వండి. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్లలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూన్ ఉప్పు కలిపితే చాలు.

సామాను దించే రోజు విషయానికి వస్తే, తేదీకి ఐదు రోజుల ముందు సూచన చూసి ఖరారు చేయండి. ద్రోణి ఉన్న రోజులు ఎండ తక్కువని ఆ సాయంత్రాలు పెట్టుకోవద్దు, పరుపులు తడుస్తాయి. ఏ రోజైనా సరే, లారీ తెల్లవారేసరికి ఇంటి ముందుండేలా మాట్లాడుకోండి, తొమ్మిదిన్నరకల్లా దింపడం అయిపోవాలి. అమ్మగారిని, పాపను ఆ లారీతోపాటు కాకుండా రాత్రి రైల్లో తీసుకొచ్చి, ఇల్లు సర్దేదాకా తెలిసినవాళ్లింట్లో ఉంచితే ఇంకా మంచిది. నాలుగు అంతస్తులు బీరువా మోసే హమాలీలకు మధ్యలో రెండుసార్లైనా ఆగమని మీరే చెప్పండి, ఉప్పు మజ్జిగ ముందురోజే ఎక్కువ కలిపించి పెట్టండి. లారీ ఆలస్యమై పదకొండు దాటితే బరువైనవి కింద పార్కింగ్‌లో దింపించి సాయంత్రం ఐదున్నర తర్వాత ఎక్కించమనండి. దానికి కూలి కొంత ఎక్కువైనా ఇవ్వండి.